పాపమ్మవ్వ అడిగే మాట

దీపికకు ఎనిమిదో నెల వచ్చిన కొత్తలో దగ్గు పట్టుకుంది. పొడిదగ్గు. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన సిరప్ నాలుగు రోజులు తాగినా తగ్గలేదు. దగ్గినప్పుడల్లా పొట్ట పట్టుకుని వంగిపోతున్న కోడలిని చూడలేక సిద్ధమ్మ ఆశా కార్యకర్త మునిరత్నకు ఫోన్ చేసింది.

"ఆ సీసా మందుతో ఏమీ కాలేదు మునిరత్నా. పిల్ల పొద్దస్తమానం దగ్గుతానే ఉండాది. నువ్వొకసారి వచ్చి సూసిపో."

చౌడేపల్లెకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది వాళ్ల ఊరు. మునిరత్న అక్కడే పుట్టి, అక్కడే పెళ్లి చేసుకుని, ఎనిమిదేళ్లుగా అక్కడే ఆశాగా పనిచేస్తోంది. నలభై రెండేళ్ల మనిషి. ఆమె తల్లి ఇరవై ఏళ్లు సిద్ధమ్మ వాళ్ల ఆవుల కొట్టంలో పేడ తీసింది. మధ్యాహ్నం వాళ్లు పెట్టిన సంగటిని కొట్టం గోడ నీడలో కూర్చుని తినేది. పక్కనే చిన్న మునిరత్న కూడా. ఇప్పుడు మునిరత్న వస్తే సిద్ధమ్మ నడవలో కుర్చీ వేస్తుంది. స్టీలు గ్లాసులో కాఫీ ఇస్తుంది. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ మునిరత్నకు వెన్ను దానంతటదే నిటారుగా అయ్యేది.

ఆ రోజు కూడా కూర్చుంది. దీపిక గుండెల మీద చెయ్యి పెట్టుకుని దగ్గుతూ వచ్చి పక్కన చాప మీద కూర్చుంది. ఇరవై మూడేళ్ల పిల్ల. పుట్టిల్లు కుప్పం. ఈ ఇంటికొచ్చి ఏడాదిన్నర అయింది.

"జ్వరం ఏమైనా ఉండాదా?" అని మునిరత్న చెయ్యి పట్టి చూసింది. లేదు. "అయితే ఇంకోసారి డాక్టరమ్మకు చూపిద్దాం" అనబోయింది. అంతలో సిద్ధమ్మ అంది:

"మీ అవ్వ పాపమ్మ ఉన్నన్నాళ్లూ ఈ ఊర్లో దగ్గుకు ఎవురైనా ఆసుపత్రికి పోయినారా? అడ్డసరం ఆకు కషాయం కాసిస్తా ఉన్నింది. మా ప్రతాప్‌కు చిన్నప్పుడు మూడు దినాల్లో పోగొట్టింది. ఆ చేతి గుణం నీకు రాకుండా పోయిందా?"

పాపమ్మ మంత్రసాని. చుట్టుపక్కల మూడూళ్లలో కాన్పులు చేసింది. ఆమె పోయి పదిహేనేళ్లయింది. చిన్నప్పుడు మునిరత్న ఆమె వెనకే కంచెల వెంబడి తిరిగి ఆకులు కోసేది. ఏ ఆకు దగ్గుకో, ఏ వేరు కడుపునొప్పికో చాలావరకు గుర్తుంది.

కడుపుతో ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఏ ఆకూ, ఏ వేరూ తీసుకోకూడదని ప్రతి మీటింగులోనూ చెప్పేవారు. మునిరత్న కూడా ఇంటింటికీ అదే చెప్పేది. రెండు నెలల కిందట కాలనీలో జయమ్మ తన కూతురికి నెలలు నిండాయని ఆముదం తాగించబోతే, నలుగురిలో నిలబెట్టి కేకలేసింది. "మీకు ఎన్నిసార్లు చెప్పాల? చెవులుండాయా లేవా?" అని. జయమ్మ తలకాయ వంచుకుని ఆముదం సీసా లోపల పెట్టేసింది.

సిద్ధమ్మ నడవలో మాత్రం ఆ మాటలు మునిరత్న నోటికి రాలేదు. డాక్టరును అడగాలి అంటే, అడిగి చెప్పేదానికి నువ్వెందుకు అనుకుంటుందేమో అనిపించింది. తన అవ్వ పేరు ఆ ఇంట్లో అంత గౌరవంగా ఎవరూ ఎత్తగా ఆమె వినలేదు. ఆకే కదా, దగ్గుకే కదా అనుకుంది.

"రాకుండా యాడికి పోతాదిమా" అంది నవ్వుతూ.

సాయంత్రం చేను గట్టున ఉన్న అడ్డసరం పొదలో లేత ఆకులు కోసింది. కషాయం ఎట్లా కాయాలో సిద్ధమ్మకు దగ్గరుండి చూపించింది. పొద్దున, సాయంత్రం తాగమని దీపికకు చెప్పింది. దీపిక చేదుకు మొహం చిట్లించి, తర్వాత బెల్లం ముక్క నోట్లో వేసుకుంది.

మూడో రోజుకు దగ్గు బాగా తగ్గింది. సిద్ధమ్మ సంచి నిండా చిక్కుడుకాయలు పంపించింది. పాలు పోయడానికి వచ్చినవాళ్లందరితో "పాపమ్మ మనవరాలు అనిపించుకునింది" అని చెప్పింది. ఆ మాట మునిరత్న దాకా వచ్చింది. ఆమె రెండు రోజులు ఆ మాట తలుచుకుంటూనే పనులు చేసుకుంది. దీపిక తల్లీబిడ్డ కార్డులో మాత్రం కషాయం సంగతి రాయలేదు. దగ్గు తగ్గింది అని రాసి వదిలేసింది.

ఆ శుక్రవారం కుప్పంలో దీపిక అన్న కొత్త ఇంటి గృహప్రవేశం. దీపిక భర్త ప్రతాప్‌కు టమాటా కోతలు. తెల్లారేలోపల మదనపల్లె మార్కెట్టుకు లోడు పోవాలి. "ఆదివారం కారు మాట్లాడి నేనే తీసకపోతాను, అందాక ఆగు" అన్నాడు. సిద్ధమ్మ ఒప్పుకోలేదు. అన్న గృహప్రవేశానికి ఆడబిడ్డ లేకపోతే నలుగురూ ఏమనుకుంటారు, బస్సులో కూర్చుని పోయి రావడమే కదా అంది. దీపిక పుంగనూరులో బస్సెక్కి కుప్పం పోయింది. కషాయం ఫ్లాస్కులో పోసుకుని తీసుకుపోయింది. దగ్గు మళ్లీ రాకుండా ఇంకో రెండు రోజులు తాగమని మునిరత్నే చెప్పింది.

శనివారం మధ్యాహ్నం తిరిగి వచ్చింది. సాయంత్రం నాలుగింటికి నడుములో నొప్పి మొదలైంది. అయిదింటికి చీరకు రక్తం మరక కనబడింది.

మునిరత్న పరుగెత్తుకుంటూ వచ్చింది. 108కు ఫోన్ చేసింది. పుంగనూరులో డాక్టరు చూసి, నొప్పులు మొదలయ్యాయని చెప్పి, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి ఇంజెక్షన్ ఇచ్చి మదనపల్లెకు పంపించాడు. దారి పొడుగునా మునిరత్న దీపిక చెయ్యి వదల్లేదు. ఆ పిల్ల అరచేయి చెమటతో జారిపోతుంటే మళ్లీ మళ్లీ పట్టుకుంది. ఆమె మనసులో ఆ కషాయం మాటే తిరుగుతోంది. దాన్ని పైకి రానివ్వకుండా, భయం లేదు తల్లీ, భయం లేదు అంటూ పోయింది.

మదనపల్లె ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ పరీక్ష చేసి, కార్డు తిరగేసి, దీపికను అడిగింది.

"ఏం మందులు వాడినావమ్మా ఈ పది రోజుల్లో? నాటు మందు, ఆకు, వేరు, కషాయం, ఏదైనా సరే చెప్పు. నేనేమీ అనను."

దీపిక తల తిప్పి మునిరత్న వైపు చూసింది.

డాక్టరమ్మ కూడా చూసింది. "నువ్వు ఆశావా?"

"అవును మేడమ్."

"నువ్వు చెప్పు. ఏమైనా తీసుకుందా?"

వెనక తలుపు దగ్గర సిద్ధమ్మ, ప్రతాప్ నిలబడి ఉన్నారు. మునిరత్న ఒకసారి అటు చూసింది.

"దగ్గు సిరప్ ఒకటే మేడమ్. ఇంకేమీ లేదు."

"ప్రయాణం చేసిందా?"

"నిన్న కుప్పం పోయి ఈ పొద్దు వచ్చింది మేడమ్. బస్సులో."

డాక్టరమ్మ తల ఊపి కాగితంలో రాసుకుంది. దీపిక మొహం గోడ వైపు తిప్పుకుంది.

నొప్పులు ఆపడానికి మందు పెట్టారు. ఒక రోజు ఆగాయి. మర్నాటి పొద్దున పదకొండింటికి ఆడపిల్ల పుట్టింది. కిలో ఆరువందల గ్రాములు. ఏడ్చింది కానీ ఆ ఏడుపు పిల్లికూన మూలుగులాగా ఉంది. గుడ్డలో చుట్టి వెంటనే నెలలు నిండని బిడ్డల వార్డుకు తీసుకుపోయారు.

వరండాలో ప్రతాప్ తల్లి మీద విరుచుకుపడ్డాడు.

"వద్దంటే బస్సులో పంపిస్తివి గదా! ఆదివారం దాకా ఆగితే నీ పరువు పోతాదా? ఇప్పుడు సూడు, నా బిడ్డ అద్దాల పెట్టెలో ఉండాది!"

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. సిద్ధమ్మ బెంచీ చివర కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యాభై ఎనిమిదేళ్ల ఆ మనిషి ఎవరి ముందూ తల వంచగా మునిరత్న ఎప్పుడూ చూడలేదు. ఒక్క మాట చాలు అప్పుడు. 'బస్సు కాదప్పా, నేను' అంటే చాలు. మునిరత్న పోయి సిద్ధమ్మ పక్కన కూర్చుంది. భుజం మీద చెయ్యి వేసింది.

"ధైర్యంగా ఉండుమా. బిడ్డకు ఏమీ కాదు."

"నువ్వు ఉండబట్టి సరిపోయింది మునిరత్నా" అంది సిద్ధమ్మ. "నువ్వు లేకుంటే ఏమైపోయేదో. నేను నా చేతులారా చేసుకుంటిని."

మునిరత్న చెయ్యి తీసేసుకుంది. తీసింది గమనించి సిద్ధమ్మే ఆ చేతిని మళ్లీ పట్టుకుంది.

బిడ్డ ఇరవై నాలుగు రోజులు ఆ వార్డులో ఉంది. దీపిక బిడ్డను గుండెలకు ఆనించి పట్టుకోవడం నేర్చుకుంది. పాలు పిండి గొట్టంతో పట్టేది, తర్వాత నేరుగా ఇచ్చేది. రెండు కిలోలు దాటాక ఇంటికి పంపిస్తే ప్రతాప్ వాళ్లను నేరుగా కుప్పం తీసుకుపోయాడు. "మా అమ్మ చేతికి బిడ్డను ఇయ్యను" అని చెప్పి మరీ పోయాడు. తల్లితో మాట్లాడటం మానేశాడు. పొద్దున పాలు పిండుతాడు, తోటకు పోతాడు, శనివారమైతే కుప్పం బస్సెక్కుతాడు. సిద్ధమ్మ పెట్టిన అన్నం మాత్రం తినడు.

ఆ రోజుల్లో మునిరత్న దినామూ ఆ ఇంటికి పోయేది. ఎందుకు పోతోందో ఆమెకే సరిగా తెలియదు. సిద్ధమ్మ కుర్చీ వేసేది, మునిరత్న వద్దని గడప దగ్గర కూర్చునేది. "తింటివా?" అని అడిగేది. "దీపిక ఫోన్ చేసింది, బిడ్డ బాగుండాది" అని చెప్పేది. ఆ నాలుగు మాటల కోసం సిద్ధమ్మ ఎదురుచూస్తుండేది. బయటికొచ్చాక మునిరత్నకు తన మీద తనకే రోత పుట్టేది. ఒకసారి అంగన్‌వాడీలో గర్భిణుల మీటింగు జరిగింది. సూపర్‌వైజరమ్మ ఆమెను లేపి, "నాటు మందుల గురించి నువ్వు చెప్పు, నువ్వు బాగా చెబుతావు" అంది. ఆమె లేచి నిలబడింది. ఎదురుగా జయమ్మ కూతురు ఒళ్లో బిడ్డతో కూర్చుని ఉంది. మునిరత్న రెండు వాక్యాలు చెప్పి, తల తిరుగుతోందని కూర్చుండిపోయింది.

బిడ్డ కుప్పం చేరి రెండు వారాలైంది. ఒక మధ్యాహ్నం దీపిక ఫోన్ చేసింది.

"అక్కా, నాకు మళ్లా దగ్గు వస్తాండాది. అప్పుడు నువ్విచ్చిన ఆకు ఈడ రైలు కట్ట పక్కన ఉండాదంట. మా అమ్మ కోసుకొస్తానంటాండాది. పాలిచ్చేటప్పుడు తాగొచ్చా?"

"వద్దు. డాక్టరును అడగకుండా తాగొద్దు" అంది మునిరత్న.

"సరే అక్కా. ఇంకొకటి. మా చిన్నాన్న కోడలు నాలుగు నెలల కడుపుతో ఉండాది. ఆ పిల్లకూ దగ్గే. నాకు ఆ కషాయంతోనే తగ్గింది గదా, నువ్వూ కాసుకో అని చెప్పినాను. రేపు వచ్చి ఎట్ల కాసేదో నేర్చుకుంటానన్నింది."

మునిరత్న ఉన్నచోటే కూర్చుంది.

"ఇయ్యొద్దు! ఆ పిల్లకు చెప్పు, ముట్టుకోవద్దని చెప్పు. ఇప్పుడే ఫోన్ చెయ్యి."

"యాల అక్కా? నాకిచ్చినావు గదా."

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఒక్కొక్కరి ఒంటికి ఒక్కొక్కటి పడదు అనొచ్చు. నోటి దాకా వచ్చింది ఆ మాట.

"నేనే వచ్చి చెప్తాను" అంది. "ముందు ఆ పిల్లకు వద్దని చెప్పు."

పది నిమిషాల తర్వాత మళ్లీ ఫోన్ చేసి, చెప్పిందని రూఢి చేసుకుంది.

మర్నాడు పొద్దున ముందు మదనపల్లె పోయింది. ఓపీలో జనం తగ్గేదాకా గోడకు ఆనుకుని నిలబడింది. డాక్టరమ్మ ముందు కూర్చోకుండానే చెప్పింది. ఏ ఆకు, ఎన్ని రోజులు, ఎన్నిసార్లు, ఆ రోజు అడిగితే ఏమని అబద్ధం చెప్పిందో, అంతా.

డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది.

"అడ్డసరానికి గర్భసంచిని బిగిసేటట్టు చేసే గుణం ఉందంటారు. అందుకే కడుపుతో ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. నీ కషాయం వల్లే కాన్పు ముందుకొచ్చిందని నేను ఖాయంగా చెప్పలేను. కాదనీ చెప్పలేను. ఇన్‌ఫెక్షన్ ఏదైనా ఉండొచ్చు, ఏమీ లేకుండానే ముందుగా కాన్పులయ్యేవాళ్లు ఎంతోమంది ఉంటారు."

"బస్సులో పోయినందుకు కాదా మేడమ్?"

"బస్సులో కూర్చుంటే నొప్పులు రావమ్మా. ఆ మాట ఎవరన్నారు?"

మునిరత్న తల ఎత్తలేదు.

"నేను అడిగింది నిన్ను తిట్టడానికి కాదు" అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో కోపం ఇప్పుడు తెలుస్తోంది. "ఏం తాగిందో తెలిస్తే ఏం చెయ్యాలో నాకు తెలుస్తుంది. ఏమీ తాగలేదు అన్నావు. నేను ఇన్‌ఫెక్షన్ కోసం వెతుక్కున్నాను. ఇంటివాళ్లయితే భయంతో దాస్తారు. నువ్వు ఆశావి కాబట్టి నీ మాట నమ్మి రాసుకున్నాను."

"మా అవ్వ మంత్రసాని మేడమ్. ఆమె అందరికీ ఇచ్చేది ఆ ఆకు."

"అందరికీ ఇచ్చేదా? వెనకటి మంత్రసానులు కాన్పయ్యాక రక్తం ఆగడానికి ఇదే ఆకు ఇచ్చేవాళ్లని మా ప్రొఫెసర్ చెప్పేవారు. కడుపుతో ఉన్నవాళ్లకు ఇస్తుందా అలాంటి మనిషి?"

అప్పుడు మునిరత్నకు గుర్తుకొచ్చింది. ఆకు కోసం ఏ ఆడమనిషి వచ్చినా పాపమ్మవ్వ ముందు ఒక మాట అడిగేది. "ముట్టయి ఎన్ని దినాలైందే?" దగ్గని వచ్చినా అదే, తలనొప్పని వచ్చినా అదే. పెళ్లయిన పడుచులు సిగ్గుతో నవ్వేవాళ్లు. నెల తప్పిందని ఎవరైనా అంటే, "వేన్నీళ్లు తాగు, తేనె నాకు, పో" అని ఉత్త చేతులతో పంపించేసేది. ముసలామెకు అందరి సంగతులూ కావాలి అనుకునేది చిన్న మునిరత్న. ఆకును గుర్తుపెట్టుకుంది. అవ్వ అడిగే ఆ మాటను మాత్రం ఉత్త ఆరా అనుకుని తీసిపారేసింది. సిద్ధమ్మ ఇంట్లో అవ్వ పేరు చెప్పుకుని కుర్చీలో కూర్చుంది.

ఆమె అక్కడే నిలబడి కళ్లు తుడుచుకుంది. డాక్టరమ్మ నీళ్ల సీసా ఇటు జరిపింది కానీ ఓదార్పు మాటలేమీ చెప్పలేదు.

"మీ ఆరోగ్య కేంద్రం డాక్టరుకు నువ్వే పోయి చెప్పు. నేను వారం ఆగి కనుక్కుంటాను. ఆ పిల్ల కాగితాల్లో ఈ సంగతి నేను రాస్తాను, ఇంకోసారి కడుపొస్తే చూసేవాళ్లకు తెలియాలి. దగ్గుకు పాలిచ్చే తల్లి ఏం వాడొచ్చో రాసిస్తాను, తీసుకుపో. నీ ఆకులేవీ వద్దు."

పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి మూడైంది. శనివారం కాబట్టి ప్రతాప్ కూడా అక్కడే ఉన్నాడు. దీపిక మంచం మీద కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. దీపిక తల్లి గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. మునిరత్న తీసుకోలేదు. నిలబడే చెప్పింది. డాక్టరమ్మ అన్న రెండు మాటలూ, వల్లే అని చెప్పలేను, కాదనీ చెప్పలేను అన్నవి, ఉన్నవున్నట్టు చెప్పింది. రెండోదాన్ని మింగేసి మొదటిదాన్ని మాత్రమే చెప్పుకోవాలని లోపల ఒక ఆశ పుట్టింది. అది గమనించి ఇంకా సిగ్గుపడింది.

ముందుగా దీపిక తల్లి అరిచింది. "నువ్వు ఆశావా? నా బిడ్డను సంపుతావా? ఇంకా ఏం మొగం పెట్టుకోని వస్తివి ఈడికి?"

"నువ్వుండు మా" అంది దీపిక. బిడ్డను భుజానికి మార్చుకుంది. "నాకూ తెలుసు. ఆ పొద్దు డాక్టరమ్మ కషాయం అని అడిగేటప్పటికే నాకు తెలిసింది. చెబుదామని అక్క పక్క సూస్తిని. అక్క లేదనింది. అక్క లేదంటే నేను ఉండాదని ఎట్ల చెప్పేది అనుకుంటి. నా కడుపు, నా బిడ్డ, నేను నోరు మూసుకుంటి."

ఆ పిల్ల కూడా తల దించుకుంది.

ప్రతాప్ కిటికీ చువ్వలు పట్టుకుని బయటికి చూస్తూ నిలబడ్డాడు. కొట్టడానికి వచ్చినా బాగుండు అనిపించింది మునిరత్నకు. చివరికి అతను ఇటు తిరిగాడు.

"అందరి ముందరా మా అమ్మను అన్ని మాటలంటి. నువ్వు పక్కనే ఉంటివి గదా మునిరత్నా. వింటానే ఉంటివి గదా."

"ఉంటినప్పా."

"మా అమ్మకు చెప్పినావా?"

"లేదు. ఇప్పుడు పోయి చెప్తాను."

"నువ్వే చెప్పు. నేను ఫోన్ చెయ్యను" అన్నాడు. బిడ్డ వైపు చూసి, "నేను ఆమెకు చెప్పుకోవాల్సింది వేరే ఉండాది" అన్నాడు.

డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ దీపిక చేతికిచ్చి, ఎవరూ పొమ్మనకముందే ఆమె బయటికొచ్చింది.

ఆదివారం పొద్దున సిద్ధమ్మ కొట్టంలో ఆవులకు మేత వేస్తుండగా పోయింది. నడవలోకి పోలేదు. కొట్టంలోనే, పేడ తట్ట పక్కన నిలబడి చెప్పింది. సిద్ధమ్మ చేతిలో గడ్డి అట్లాగే ఉండిపోయింది. ఆవు మెడ సాచి ఆ గడ్డిని తనే లాక్కుంది.

"నేనే అడిగితి గదా నిన్ను, కషాయం కాసియ్యమని" అంది సిద్ధమ్మ మెల్లగా.

"మీకు తెలీదుమా. నాకు తెలుసు. మీటింగుల్లో చెప్పేది నేనే. తెలిసి ఇస్తిని."

సిద్ధమ్మ కొట్టం గుంజకు ఆనుకుంది. "సరే, ఇస్తివి. పొరపాటు ఎవురైనా సేస్తారు. దాన్ని నేను మరిసిపోదును." ఊపిరి తీసుకుంది. "నలభై దినాలు నా కొడుకు నా చేతి కూడు తినలేదు. బిడ్డను నాకు సూపీలేదు. నేనే సంపబోయినానని దినామూ ఏడ్సినాను. నువ్వు దినామూ వస్తివి, నా గడపలో కూసుంటివి, తింటివా అని అడుగుతివి. తెలిసి అడుగుతివి. ఎట్ల అడగబుద్ధయింది నీకు?"

మునిరత్నకు క్షమించమని అడగడానికి కూడా నోరు రాలేదు. అది కూడా తన కోసమే అడిగినట్టు ఉంటుంది అనిపించింది.

"పో" అంది సిద్ధమ్మ. "ఇంక పో."

సోమవారం ఆమె ఆరోగ్య కేంద్రంలో చెప్పింది. డాక్టరు రాతపూర్వకంగా సంజాయిషీ తీసుకున్నాడు. ఉద్యోగం పోలేదు. మూడు నెలలపాటు గర్భిణుల ఇళ్లకు పక్క ఊరి ఆశాతో కలిసే పోవాలన్నాడు. తర్వాతి మీటింగులో ఆమె తనంతట తానే లేచి, ఏం చేసిందో గర్భిణులందరికీ చెప్పింది. బయటికొస్తుంటే జయమ్మ అంది, "మేము ఆముదం సీసా పట్టుకుంటే ఊరంతా వినేటట్టు అరిస్తివి. పెద్దింట్లో అయితే నువ్వే కాసి పోస్తివి." గట్టిగా కూడా అనలేదు. మునిరత్నకు ఆ మాట సంజాయిషీ కాగితం కన్నా ఎక్కువగా తగిలింది. అవునని మాత్రం అంది.

ఆ శనివారం ప్రతాప్ తల్లిని వెంటబెట్టుకుని కుప్పం పోయాడు. దారిలో వాళ్లేం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. బిడ్డకు మూడో నెల రాగానే దీపిక అత్తింటికి వచ్చేసింది. చిన్నాన్న కోడలికి దగ్గు ఆసుపత్రి మందుతోనే తగ్గింది.

ఒకరోజు పక్క ఊరి ఆశాతో కలిసి మునిరత్న ఆ వీధిలో పోతుంటే సిద్ధమ్మ వాకిట్లోకి వచ్చి పిలిచింది. పేరు పెట్టి కాదు. "ఇదో, ఒకసారి వచ్చిపో" అంది. చేతిలో ఒక డబ్బా ఉంది. శతావరి పొడి, మనవాళ్లు పిల్లిపీచర గడ్డ అంటారు కదా, దానిది. ఎవరో బంధువులు తెచ్చి, బాలింతకు పాలు బాగా పడతాయని ఇచ్చారట.

"ఇది ఇయ్యొచ్చా?"

వెనక గుమ్మంలో దీపిక బిడ్డతో నిలబడింది. మునిరత్న డబ్బా తిప్పి చూసింది. పాలు పడటానికి ఆ గడ్డను వాడతారని ఆమె చిన్నప్పటి నుంచి విన్నదే.

"నాకు తెలీదుమా" అంది. "అడగాల."

అక్కడే నిలబడి మదనపల్లె డాక్టరమ్మకు ఫోన్ చేసి, అందరికీ వినబడేటట్టు పెట్టింది. డాక్టరమ్మ ముందు డబ్బా సంగతి ఎత్తలేదు. బిడ్డ రోజుకు ఎన్నిసార్లు ఉచ్చ పోస్తోంది, బరువెంత అని అడిగింది. సంచిలోని త్రాసు తీసి తూచారు. మూడు కిలోల తొమ్మిదివందలు.

"బాగా పెరుగుతోంది. పాలు చాలుతున్నాయి. ఇంక ఆ పొడి ఎందుకు?" అంది డాక్టరమ్మ. "అడిగినప్పుడల్లా పాలిమ్మనండి. తల్లి బాగా తినాలి, శొంఠి, మెంతులు వంటలో ఎప్పుడూ వేసుకునేంత వేసుకుంటే చాలు. ఆ డబ్బా గురువారం తీసుకురండి, అందులో ఇంకేమేం కలిపారో చూసి చెబుతాను."

సిద్ధమ్మ డబ్బాను తీసుకుపోయి అలమారలో పైన పెట్టింది. తిరిగి వచ్చి బిడ్డను దీపిక చేతుల్లోంచి తనే ఎత్తుకుంది.

"తూకానికి వస్తే రా" అంది మునిరత్నతో. మొహం చూడలేదు. "వారానికి ఒకసారి చాలు."

"వస్తానుమా."

మునిరత్న త్రాసు మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. ఆ వీధిలో ఇంకో ఇంట్లో కొత్తగా నెల తప్పిన పిల్ల ఉంది. పక్క ఊరి ఆశా ముందు నడిచింది, మునిరత్న ఆమె వెనకే నడిచింది.